తొలి మునకకు ఏ సముద్రము?

పల్లెలలో పిల్లవానికి ఈత నేర్పదలచిన పెద్దలు ముందుగా బావిని ఎన్నుకొందురు. బావికి మెట్లున్నవా, నీరు ఎంతవరకున్నది, అడుగున పూడిక ఉన్నదా, అలసినప్పుడు పట్టుకొనుటకు ఆధారమున్నదా అని విచారింతురు. ఆ తరువాతనే వాని నడుమునకు బెండ్లు కట్టి నీటిలో దింపుదురు. పిల్లవాని ధైర్యము సంగతి తరువాత. మొదట బావి సంగతి తేలవలెను.

సముద్రములో మునుగుటకు కూడ ఇదే న్యాయము వర్తించును. అదిమి నింపిన గాలి సిలిండరును వీపున కట్టుకొని, దాని గొట్టమును నోట కరచుకొని, నీటి అడుగున చేపవలె సంచరించు విద్యకు స్కూబా డైవింగు అని పేరు. నీటి అడుగున పనిచేయుట ఒకప్పుడు నౌకాదళమువారికి, వంతెనలు కట్టువారికి, ముత్యపు చిప్పలు తీయువారికి మాత్రమే చెందిన కష్టవృత్తి. నేడు ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులు కూడ సెలవు దినములలో ఈ విద్యను నేర్చుకొనుచున్నారు. అట్టివారిలో చాలమంది కరీబియన్ దీవులకో, ఎర్ర సముద్రమునకో, మాల్దీవులకో, అండమాన్ దీవులకో పోవుదురు. ఇవన్నియు వెచ్చని సముద్రములే.

వెచ్చని నీరు సుఖముగా ఉండును కనుక అక్కడికి పోవుచున్నారనుట సులభమైన సమాధానము. కాని అది సగము మాత్రమే. గోదావరి ముఖద్వారమున సముద్రము కూడ వెచ్చనిదే. అయినను మొదటిసారి మునుగువానిని అక్కడ ఎవరును దింపరు. మిగిలిన సగము తెలియవలెనన్న, నూటయేబది సంవత్సరములుగా నీరు మానవునికి నేర్పిన పాఠములను వరుసగా చూడవలెను.

పీడనము నేర్పిన పాఠము

సముద్రమట్టమున మన శరీరముపై గాలి కలిగించు ఒత్తిడిని ఒక వాతావరణ పీడనము అందురు. సముద్రపు నీటిలో సుమారు 10 మీటర్లు దిగినచో అంతటి ఒత్తిడి మరియొకటి వచ్చి చేరును. అనగా 10 మీటర్ల లోతున మొత్తము 2 వాతావరణములు, 20 మీటర్ల లోతున 3, 30 మీటర్ల లోతున 4. బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రము ప్రకారము పీడనము రెట్టింపైనచో వాయువు ఘనపరిమాణము సగమగును. పీడనము సగమైనచో ఘనపరిమాణము రెట్టింపగును.

ఈ చిన్న లెక్కలో కొత్తవాడు గ్రహించవలసిన గొప్ప విషయమొకటి ఉన్నది. 40 మీటర్ల నుండి 30 మీటర్లకు వచ్చినప్పుడు పీడనము 5 నుండి 4కు తగ్గును; ఊపిరితిత్తులలోని గాలి నాలుగింట ఒక వంతు మాత్రమే పెరుగును. కాని 10 మీటర్ల నుండి నీటి పైకి వచ్చినప్పుడు పీడనము 2 నుండి 1కి దిగును; గాలి రెట్టింపగును. పైకి వచ్చిన దూరము రెండుచోట్లను ఒకటే. మార్పు మాత్రము ఉపరితలము దగ్గరనే ఎక్కువ. కావున ఊపిరి బిగబట్టి పైకి వచ్చువాని ఊపిరితిత్తులు రెండు మీటర్ల లోపు లోతునుండి వచ్చినను చిరుగవచ్చును. లోతు తక్కువైనంత మాత్రమున అపాయము లేదని తలచరాదు. ఊపిరి ఎన్నడును బిగబట్టరాదనుట ఈ విద్యలో మొదటి అక్షరము.

రెండవ పాఠమును వంతెనల కూలీలు తమ ప్రాణములతో నేర్పిరి. 19వ శతాబ్దమున నదీగర్భములో పునాదులు త్రవ్వుటకు పెద్ద ఇనుప, కొయ్య పెట్టెలను దింపి, నీరు చొరకుండ వాటిలోనికి గాలిని బలముగా అదిమెడివారు. 1870లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున మిస్సిసిపీ నదిపై వంతెన కట్టునప్పుడు ఆ పెట్టెలనుండి బయటికి వచ్చిన కూలీలు కీళ్లనొప్పులతో వంగిపోయిరి. కొందరికి పక్షవాతము వచ్చెను. పదిమందికి పైగా మరణించిరి. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన ప్రధాన ఇంజనీరగు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడ 1872లో ఈ వ్యాధికి గురియై, మిగిలిన నిర్మాణమును చాలవరకు తన గది కిటికీ నుండియే చూడవలసి వచ్చెను.

దీని కారణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. అధిక పీడనములో పీల్చిన గాలిలోని నత్రజని రక్తములోను, కండరములలోను, క్రొవ్వులోను కరగును. పీడనము ఒక్కసారిగా తగ్గినచో కరగిన వాయువు బుడగలై బయటపడును. గోలీసోడా సీసాలో గోలీని లోనికి నొక్కిన మరుక్షణమున జరుగునదియు ఇదియే. సీసాలో నురుగు వచ్చిన వేడుక. నరములలో వచ్చిన మరణము.

బుడగలు రాకుండ పైకి వచ్చుటెట్లు? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ సమాధానము వెదకెను. అతడును, బాయ్కాట్, డేమంట్ అను సహచరులును మేకలపై ప్రయోగములు జరిపి, 1908లో తమ ఫలితములను ప్రకటించిరి. మొత్తము పీడనము సగమునకు తగ్గినంతవరకు శరీరము సాధారణముగా ఓర్చుకొనునని వారు గమనించి, ఏ లోతున ఎంతసేపు ఉన్నవాడు ఎక్కడెక్కడ ఆగుచు పైకి రావలెనో పట్టికలు తయారుచేసిరి. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పట్టికలను సవరించిరి గాని, మూలభావము నేటికిని నిలిచియున్నది. ఈ హాల్డేన్ కుమారుడే 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరములో మరణించిన సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్. తండ్రివలెనే అతడును అధిక పీడనము శరీరముపై చూపు ప్రభావమును తనపైననే పరీక్షించుకొనెను.

ఈ రెండు పాఠములనుండియు కొత్తవానికి తగిన సముద్రము యొక్క మొదటి లక్షణము తేలుచున్నది. అడుగు కనబడుచు, మెల్లగా లోతెక్కు చోటు కావలెను. గోడవలె నిలువుగా దిగిపోవు చోట, కాళ్లక్రింద నీలిమ తప్ప మరేమియు కానరానప్పుడు, కొత్తవాడు తాను ఎంత లోతునకు జారుచున్నాడో తెలిసికొనలేడు. దిగితేగాని లోతు తెలియదని సామెత. ఈ విద్యలో మాత్రము లోతు తెలిసిన తరువాతనే దిగవలెను.

గాలిని వీపున మోసిన మనిషి

పూర్వపు డైవరు లోహపు శిరస్త్రాణము ధరించి, ఓడమీది పంపునకు గొట్టముతో కట్టుబడియుండెడివాడు. గట్టున కట్టిన పశువు పలుపు పొడవు మేరకే మేయగలదు. అతని స్థితియు అటువంటిదే. ఫ్రాన్సులో రుకేరోల్, దెనేరూజ్ అనువారు 1860 తరువాత పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చు కవాటమును నిర్మించిరి. కాని ఆనాటి లోహపు పాత్రలు ఎక్కువ ఒత్తిడికి ఆగలేకపోవుటచే వాటిలో చాలినంత గాలి పట్టలేదు.

ఆ కొరత తీరుటకు ఎనుబది ఏండ్లు పట్టినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులో పెట్రోలు దొరకక, మోటారుకార్లను వంటగ్యాసు వంటి వాయువులతో నడుపవలసి వచ్చెను. అందుకొరకు ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరు ఒక కవాటమును తయారుచేసెను. నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో అతనిని కలిసికొని, అదే కవాటమును మనిషి ఊపిరికి అనువుగా మార్పించెను. 1943లో మొదట మార్న్ నదిలోను, తరువాత జూన్ నెలలో మధ్యధరా సముద్రములోను దానిని పరీక్షించిరి. చుట్టునున్న నీటి పీడనమెంతో అంతే పీడనముతో, పీల్చినప్పుడు మాత్రమే ఈ కవాటము గాలినిచ్చును. ఆక్వాలంగ్ అను పేరుతో ఇది అంగళ్లకు వచ్చిన తరువాత మనిషి పలుపు తెంచుకొనెను.

అయితే యంత్రము అంగడిలో దొరికినంత సులభముగా జ్ఞానము దొరకలేదు. శిక్షణ లేకయే నీట దిగినవారికి ప్రమాదములు తప్పలేదు. దానితో బోధన అవసరమని అందరికిని తోచినది. 1953లో ఇంగ్లండులో బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్బు ఏర్పడినది. 1954-55లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రభుత్వమువారు ప్రజలకు శిక్షణ ప్రారంభించిరి. 1960లో ఒకటి, 1966లో మరియొకటి శిక్షకుల సంఘములు వెలసినవి. వీటి పాఠ్యక్రమములు క్రమముగా ఒక కట్టుబాటును స్థిరపరచినవి: ప్రాథమిక శిక్షణ పొందినవాడు 18 మీటర్లకు మించి దిగరాదు. ఈ 18 మీటర్ల సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. ముందు ముందు దీని విలువ తెలియును.

చలి సంగతి

ఒకే ఉష్ణోగ్రత గల గాలికన్న నీరు శరీరమునుండి వేడిని చాల త్వరగా గుంజుకొనును. నీటి ఉష్ణవాహకత గాలికన్న ఇరువది రెట్లకు పైగా ఎక్కువ. ఒకే ఘనపరిమాణమును ఒక డిగ్రీ వేడెక్కించుటకు గాలికన్న నీటికి మూడువేల రెట్లకు పైగా ఉష్ణము కావలెను. 20 డిగ్రీల గాలి హాయిగా తోచును. 20 డిగ్రీల నీటిలో కొంతసేపటికే వణుకు పుట్టును. వణకువాడు గాలిని ఎక్కువగా వాడును. వ్రేళ్లు మొద్దుబారినచో బిగింపులు విప్పుకొనలేడు. మనస్సు చెదరినవాడు నేర్చిన పాఠమును మరచును.

1951-52 ప్రాంతమున కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు నురుగువంటి నియోప్రీను రబ్బరుతో దుస్తులు చేయవచ్చునని ఆలోచించెను. ఆ రబ్బరులోని వాయుకణములు వేడి పోకుండ అడ్డగించును. కాని ఆ వాయుకణముల వలననే దుస్తులు నీటిపై తేలును. వాటిని ముంచుటకు నడుమునకు సీసపు బరువులు కట్టుకొనవలెను. లోతునకు పోయినకొలది రబ్బరు అణగిపోయి, తేలుగుణము తగ్గును; పైకి వచ్చునప్పుడు మరల పెరుగును. అనగా చలిప్రదేశపు డైవరు మాటిమాటికి తన తూనికను సరిచూచుకొనుచుండవలెను. వెచ్చని నీటిలో పలుచని దుస్తులు చాలును, బరువులు తగ్గును, ఒక చిక్కు తీరును. కొత్తవానికి వెచ్చదనము చేయు మేలు సుఖమొక్కటే కాదు. అది వాని మనస్సును ఊపిరిపైనను, మార్గదర్శి సైగలపైనను నిలువనిచ్చును.

పగడము చూపిన దారి

ఇంతవరకు చెప్పిన లక్షణములు మూడు: లోతు తక్కువ, అడుగు కనిపించు తేటదనము, వెచ్చదనము. వీటికి నాల్గవదిగా అలల తాకిడి లేకుండుటను చేర్చవచ్చును. ఈ నాలుగును ఒకేచోట దొరకునా? దొరకునని చెప్పినవారు డైవర్లు కారు. వారికన్న వంద ఏండ్ల ముందే ప్రకృతి శాస్త్రజ్ఞులు మరియొక జీవి విషయమున ఈ ప్రశ్నను విచారించియుండిరి.

పగడపు దిబ్బలను కట్టు జీవులు మెత్తని శరీరము గల చిన్నప్రాణులు. వాటి కణజాలములో ఏకకణ శైవలములు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసి, అందులో అధికభాగమును ఆశ్రయమిచ్చిన జీవికి సమర్పించును. వెలుతురు లేనిచోట ఈ కాపురము సాగదు. పగడపు దిబ్బలపై డార్విన్ 1842లో ప్రకటించిన గ్రంథమున ఈ జీవులు సుమారు 37 నుండి 55 మీటర్లకు దిగువన వృద్ధిపొందవని లెక్కకట్టెను. సముద్రపు నీరు సుమారు 20 డిగ్రీలకన్న చల్లబడు చోట్ల దిబ్బలు పెరుగవని అమెరికను శాస్త్రజ్ఞుడు జేమ్స్ డానా 1840 తరువాతి దశకమున గుర్తించెను. నదులు తెచ్చు ఒండ్రుమట్టియు మంచినీరును పగడమునకు గిట్టవు. అలలను తానే విరుగగొట్టి, తన వెనుక ప్రశాంతమైన కయ్యను ఏర్పరచుకొనుట దిబ్బ స్వభావము.

ఈ జాబితాను కొత్త డైవరు జాబితా ప్రక్కన పెట్టి చూచినచో రెండును సరిపోవును. పగడమునకు ఏది కావలెనో కొత్తవానికి అదియే కావలెను. పైగా, దిబ్బపై రంగులు, చేపలు, సందడి వెలుతురు దండిగానున్న పైభాగముననే ఎక్కువ. అనగా చూడదగిన సొగసులో చాలభాగము, కొత్తవానికి అనుమతించిన 18 మీటర్లలోపుననే ఉన్నది. చలిసముద్రములో శిథిలనౌకను చూడగోరువాడు లోతునకు పోవలసియుండవచ్చును. దిబ్బపై కొత్తవాడు పది మీటర్లలోనే తృప్తిపొందును. వెచ్చని సముద్రములు కొత్తవారికి బడులగుటకు కారణమిది.

ఒక ద్వీపము కథ

ఈ సంగతికి చక్కని ఉదాహరణ దక్షిణ కరీబియనులోని బొనేర్ ద్వీపము. వెనెజులా తీరమునకు ఉత్తరముగా, 12వ ఉత్తర అక్షాంశమునకు సమీపమున ఉన్న ఈ చిన్న ద్వీపము నెదర్లాండ్సునకు చెందినది. 1939లో వియన్నానుండి ఇరువది ఏండ్ల విద్యార్థి హాన్స్ హాస్ ఇద్దరు మిత్రులతో క్యురసావ్, బొనేర్ ద్వీపములకు వచ్చి, కంటి అద్దములు ధరించి, ఊపిరి బిగబట్టి మునిగి, నీటి అడుగున ఛాయాచిత్రములు, చలనచిత్రములు తీసెను. వాటివలన యూరపువారికి ఈ దిబ్బలు తెలిసినవి. 1962లో డాన్ స్టీవార్ట్ అను అమెరికను నావికుడు ఒక తెరచాప ఓడలో బొనేర్ చేరి, అక్కడే స్థిరపడి, యాత్రికులకు డైవింగు నేర్పు పద్ధతిని ఆరంభించెను.

ఆ ద్వీపము భౌగోళిక స్థితిని పరిశీలించినచో పైన చెప్పిన లక్షణములన్నియు కానవచ్చును. వర్షపాతము ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్లు మాత్రమే. ఏడాది పొడుగున పారు నదులు లేవు. కనుక ఒండ్రు లేదు, నీరు తేట. నీటి ఉష్ణోగ్రత సాధారణముగా 26 నుండి 29 డిగ్రీల మధ్య ఉండును. వ్యాపార పవనములు తూర్పునుండి వీచుటచే పడమటి తీరము గాలిచాటున ఉన్నది. అక్కడ దిబ్బ ఒడ్డునకు కొద్ది దూరముననే మొదలై, మొదట సమతలముగా సాగి, సుమారు 10 మీటర్ల తరువాత ఏటవాలుగా దిగును. పడవతో పనిలేక ఒడ్డునుండియే నడచి నీటిలో దిగవచ్చును. అలసినవాడు వచ్చిన దారినే ఒడ్డు చేరవచ్చును. కరీబియను తుపానులు ఎక్కువగా ఈ ద్వీపమునకు ఉత్తరముగా పోవును. అదే ద్వీపపు తూర్పు తీరమున గాలికి ఎదురుగా అలలు బలముగా కొట్టుచుండును. అక్కడ కొత్తవారికి తగదు. కనుక ఎన్నిక ద్వీపముతో ముగియదు. ద్వీపములో ఏ ప్రక్క అనునది కూడ తేలవలెను.

కాని డైవర్లు పెరిగినకొలది కొత్త చిక్కు వచ్చినది. తొలితరమువారు దిబ్బను అక్షయపాత్ర అనుకొనిరి. 1956లో విడుదలయైన కూస్తో ప్రసిద్ధ చలనచిత్రమున చేపల జాతులను లెక్కించుటకు దిబ్బపై డైనమైట్ పేల్చిన దృశ్యమున్నది. ఈటెతుపాకులతో చేపలను కొట్టుట ఆనాటి వినోదము. పడవలు వేసిన లంగరులు దశాబ్దములుగా పెరిగిన పగడమును ఒక్క క్షణములో విరుగగొట్టెడివి.

బొనేర్ ఈ దారినుండి కొంత ముందుగానే మరలినది. 1971లో ఈటెతుపాకుల వేటను, 1975లో పగడము తీయుటను చట్టముచే నిషేధించిరి. 1979లో ద్వీపము చుట్టును 60 మీటర్ల లోతువరకు సముద్రమును రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. లంగరు వేయుట మాన్పించి, పడవలు కట్టుటకు స్థిరమైన తేలుబుంగలను ఏర్పాటుచేసిరి. అయితే ధనము లేక 1980 తరువాత కొన్నేండ్లు ఆ రక్షణ కాగితముపైననే నిలిచెను. 1991లో దానిని పునరుద్ధరించి, 1992 నుండి ప్రతి డైవరువద్దను ఏడాదికి 10 డాలర్లు రుసుము వసూలుచేసిరి. తరువాత దానిని పెంచిరి. చూడవచ్చినవారి సొమ్ముతోనే చూడదగిన దానిని కాపాడు పద్ధతి ఇది. వచ్చిన ప్రతివాడును, ఎంత అనుభవశాలియైనను, నియమములు విని, మొదటి మునకను పరిచయపు మునకగా చేయవలెనను కట్టుబాటు కూడ పెట్టిరి.

ఒక దిబ్బ ఎందరిని భరించగలదు? బొనేర్ దిబ్బలను పరిశీలించి డిక్సన్, స్కూరా, వాంట్ హాఫ్ అను పరిశోధకులు 1993లో ఒక అంచనా ప్రకటించిరి. ఒక స్థలమున ఏడాదికి సుమారు 4,000 నుండి 6,000 మునకలు దాటినచో పగడమునకు హాని స్పష్టముగా కానవచ్చునని వారి నిర్ణయము. సెయింట్ లూసియా ద్వీపమున జరిగి 2004లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకొక విషయమును తేల్చినది. ముందుగా చెప్పిన ఉపదేశము మాత్రమే డైవర్లు పగడమును తాకుటను తగ్గించలేదు. నీటి అడుగున మార్గదర్శి ప్రక్కనేయుండి, తాకబోవువానిని వారించినప్పుడు తగ్గినది. కొత్తవానికి మంచి సముద్రమెంత అవసరమో, ఆ సముద్రమునకు మంచి మార్గదర్శి అంత అవసరము.

అదే కొలబద్దతో ఇతర సముద్రములు

ఈ కొలబద్ద చేతనున్నచో ఏ ప్రదేశమునైనను పరీక్షించవచ్చును. ఎర్ర సముద్రములో కలియు శాశ్వత నది ఒక్కటియు లేదు. అందుచే నీరు మిక్కిలి తేట. ఈజిప్టులో 1983 నుండి రక్షితముగానున్న రాస్ మొహమ్మద్ వంటి చోట్ల పగడపు గోడలు నిలువుగా దిగును. అవి అనుభవశాలులకు తగును. అదే సముద్రములోని లోతులేని కయ్యలు కొత్తవారికి మేలు. ఆ నీటిలో ఉప్పు లీటరునకు సుమారు 40 గ్రాములు. సాంద్రత ఎక్కువగుటచే శరీరము ఎక్కువగా తేలును, బరువులు ఎక్కువ కట్టవలెను. మాల్దీవులలో మొదటి విహారస్థలము 1972లో వెలసినది. అక్కడి వలయ ద్వీపముల లోపలి కయ్యలు ప్రశాంతములు. వాటి మధ్యనున్న కాలువలలో పోటుపాటులతో, ఋతుపవనములతో ప్రవాహము వేగముగా పారును. పెద్దచేపలను చూడగోరు అనుభవశాలి ఆ కాలువలకే పోవును. కొత్తవాడు కయ్యలోనే ఉండవలెను.

ఇక బంగాళాఖాతము. గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు ఒండ్రు, మంచినీరు ఆంధ్ర తీరపు సముద్రమును సారవంతము చేయుచున్నవి, డెల్టాలను కట్టుచున్నవి. కాని ఆ ఒండ్రే నీటి తేటదనమును హరించుచున్నది. ఈ తీరమున పెద్ద పగడపు దిబ్బలు లేకపోవుటకు ముఖ్యకారణమిదియే. భారతదేశమున దిబ్బలు కచ్ సింధుశాఖలోను, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతములలోను, లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ దీవులలోను ఉన్నవి. వీటిలో కొత్తవారు ఎక్కువగా చేరునవి చివరి రెండు. లక్షద్వీపములు నదులు లేని వలయ ద్వీపములు. అండమానులో 1983 నుండి వండూర్ వద్ద సముద్ర జాతీయవనము రక్షణలోనున్నది. ఈ రెండుచోట్లను కాలమును ఎన్నుకొనుట ముఖ్యము. నైరుతి ఋతుపవనము వీచునప్పుడు సముద్రము కల్లోలమై, నీరు మసకబారును. అండమానుకు నవంబరు నుండి ఏప్రిలు వరకు మంచికాలము. ఒకే సముద్రము ఒక నెలలో గురువు, మరియొక నెలలో శత్రువు కావచ్చును.

ఎన్నికలో మరచిపోరానివి మరి రెండు కలవు. అధిక పీడనపు గదిలో చికిత్స చేయగల వైద్యాలయము ఎంత దూరములో ఉన్నదో ముందే విచారించవలెను. తిరుగు ప్రయాణపు విమానము ఎప్పుడో కూడ చూచుకొనవలెను. విమానములోని గాలి పీడనము సుమారు 2,400 మీటర్ల పర్వతముపై ఉన్నంత తక్కువకు దిగవచ్చును. శరీరములో మిగిలిన నత్రజని అక్కడ బుడగలు కట్టవచ్చును. 2002లో నిపుణులు చేసిన సూచన ప్రకారము ఒకే మునక వేసినవాడు కనీసము 12 గంటలు, వరుసగా పలుమార్లు మునిగినవాడు కనీసము 18 గంటలు ఆగి విమానమెక్కవలెను. సెలవులలో చివరి దినమును నేలపైననే గడుపుట మేలు.

వెచ్చదనము మితిమీరినప్పుడు

ఏ వెచ్చదనము పగడమును పోషించుచున్నదో అదియే నేడు దానికి కీడు చేయుచున్నది. వేసవిలో సాధారణముగా ఉండు గరిష్ఠ ఉష్ణోగ్రతను మించి, ఒక్క డిగ్రీ అధికముగా కొన్ని వారములు నిలిచినను, పగడపు జీవి తనలోని శైవలములను వెడలగొట్టును. అప్పుడు దాని తెల్లని సున్నపు ఎముక పారదర్శకమైన శరీరముగుండ బయటపడును. దీనిని పగడము వెలియుట అందురు. వెలసిన పగడము వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడినచో కోలుకొనును, లేనిచో ఆకలితో నశించును. 1998లో మాల్దీవులు, 2010లో అండమాన్ దీవులు ఈ విపత్తుకు తీవ్రముగా గురియైనవి. ప్రపంచవ్యాప్తముగా నాల్గవసారి ఇది జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిలులో ప్రకటించిరి.

చక్కగా కాపాడిన బొనేర్ కూడ దీనికి అతీతము కాలేదు. 1983-84లో కరీబియను అంతటను ఒక వ్యాధివలన పొడవు ముండ్ల సముద్రపు ఉర్చినులు నశించి, అవి మేయవలసిన నాచు పగడముపై పెరిగెను. 1999 నవంబరులో లెన్నీ అను తుపాను సాధారణమునకు విరుద్ధముగా పడమటినుండి తూర్పునకు సాగి, గాలిచాటు తీరముపైననే పెద్ద అలలను పంపెను. 2014లో ఫ్లోరిడాలో మొదట కనబడిన గట్టిపగడపు వ్యాధి 2023లో ఈ ద్వీపమునకు చేరెను; కొన్ని మునక స్థలములను మూసివేయవలసి వచ్చెను. ఈటెను, లంగరును, చేతి తాకిడిని చట్టము ఆపగలిగినది. వేడెక్కు సముద్రమును ఒక ద్వీపపు చట్టము ఆపలేదు.

కావున సముద్రమును ఎన్నుకొను కొత్తవాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ నీరు నాకు తగినదా అనునది మొదటిది. అడుగు కనబడునా, ఏటవాలు మెల్లనా, నీరు వెచ్చనా, ప్రవాహము లేదా, కాలము మంచిదా, ప్రక్కన మార్గదర్శి ఉన్నాడా అని ఒక్కొక్కటిగా చూచుకొన్నచో దీనికి సమాధానము దొరకును. ఈ నీటికి నేను తగినవాడనా అనునది రెండవది. తన తూనికను నిలుపుకొనలేనివాడు పగడముపై చేయి వేయకయే ఉండలేడు. అట్టివాడు మొదట ఈతకొలనులోను, తరువాత ఇసుక అడుగు గల చోటను అభ్యసించి, ఆ పిమ్మటనే దిబ్బవైపు పోవలెను. బెండ్లు కట్టుకొన్న పిల్లవాడు మొదట మెట్ల దగ్గరనే చేతులాడించి, తరువాత బావి నడుమకు పోవుట కూడ ఇటువంటిదే.